‘బుట్టలో’ వత్తు ఎక్కడికి పోయింది?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మీ చదువుల పేజీలో వెబ్ డిజైన్ నేర్చుకోవాలనుకునే పిల్లల కోసం ఒక వ్యాసం వేశారు. రెండుసార్లు చదివాను. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలో, పోర్ట్‌ఫోలియో ఎలా తయారు చేసుకోవాలో, జీతాలు ఎలా ఉంటాయో అన్నీ రాశారు. అక్షరం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. రంగుల గురించి ‘ఆకర్షణీయమైన రంగులు ఎంచుకోవాలి’ అని ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆకర్షణీయం అంటే ఏమిటండీ? మా వీధి చివర ఫ్లెక్సీలన్నీ ఆకర్షణీయంగానే ఉంటాయి, పుట్టినరోజు ఎవరిదో కనుక్కోవడానికే బండి ఆపాల్సి వస్తుంది.

నేను విజయవాడలో 26 ఏళ్ళు డీటీపీ ఆపరేటర్‌గా, అంటే అచ్చుకి వెళ్ళే పేజీలు కంప్యూటర్లో కూర్చేవాడిగా పనిచేశాను. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా, అను ఫాంట్లు, శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు, ఇదే లోకం. శుభలేఖలు వాట్సాప్‌లోకి వెళ్ళిపోయాక ప్రెస్సులో పని సగానికి సగం పడిపోయింది. ‘నాన్నా, నీకు వచ్చిన పనే కదా, వెబ్‌సైట్లకి చెయ్యి’ అని మా అమ్మాయి పోరగా పోరగా, 49 ఏళ్ళ వయసులో అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు నెలల కోర్సుకి చేరాను. క్లాసులో అందరూ నన్ను ‘అంకుల్’ అనేవాళ్ళు. అది పర్లేదు.

అక్కడ మొదటి రోజు నుంచీ ఫిగ్మాయే, వెబ్ పేజీల నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్ అది. బటన్ మూలలు గుండ్రంగా ఎలా చెయ్యాలి, నీడ ఎలా వెయ్యాలి, ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ ఎలా జారాలి. అక్షరాలు ఉండాల్సిన ప్రతి చోటా ‘లోరెమ్ ఇప్సమ్’ అని లాటిన్ మాటలు పోసేవాళ్ళు. సిసెరో అనే రోమన్ పెద్దాయన రాతల్ని ముక్కలు ముక్కలు చేసి కలిపిన అర్థంలేని సరుకు అది. అందంగానే ఉంటుంది, కాదనను. కిందికి దిగే వత్తులు లేవు, నెత్తిన గుడులు లేవు, సున్నా లేదు, మాటలు పొట్టి. దాంతో చేసిన పేజీ ఏదైనా కుదురుగానే కనిపిస్తుంది. మూడు నెలల్లో ఒక్కరోజు కూడా ఒక్క తెలుగు వాక్యం తెర మీద పెట్టి చూపించలేదు. అడిగితే ‘అంకుల్, లాంగ్వేజ్ తర్వాత మార్చుకోవచ్చు’ అన్నారు.

ఆ ‘తర్వాత’ ఎలా ఉంటుందో మా వదిన సైటు చేసినప్పుడు తెలిసింది. వదిన పచ్చళ్ళూ పిండివంటలూ చేసి అమ్ముతుంది. ఎవరో తయారుచేసిన ఇంగ్లీషు టెంప్లేట్ ఒకటి తీసుకుని, ఇంగ్లీషు మాటలు తీసి తెలుగు మాటలు పెట్టాను. ఒక పూటలో అయిపోయింది, గర్వంగా ఫోన్లో చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, ‘ఏమయ్యా మరిదీ, బుటలో వేయమంటున్నావేంటి?’ అంది. చూస్తే నిజమే. ‘బుట్టలో వేయండి’ అన్న బటన్ ఎత్తు 32 పిక్సెళ్ళు (తెర మీది చుక్కల కొలత) అని బిగించి ఉంది, అందులో పట్టనిది ఏదైనా కనపడకూడదని ఇంకో ఆజ్ఞ. ట కింద వత్తు ఆ అంచులో పడి తెగిపోయింది. పక్కనే ‘నెయ్యి సున్నుండలు’ కాస్తా ‘నెయ్యి సునుండలు’ అయి కూర్చున్నాయి. ఇంగ్లీషులో కింది భాగం కాస్త తెగితే జీ అక్షరం తోక పోతుంది, అయినా చదివేస్తాం. మనకి వత్తు తెగితే మాటే మారిపోతుంది. కన్ను కను అవుతుంది, అప్పు అపు అవుతుంది.

సరిచెయ్యడం పెద్ద కష్టమేం కాదు. ఎత్తు బిగించడం మానేసి, అక్షరాలకి పైనా కిందా 10, 12 పిక్సెళ్ళ జాగా వదిలితే బటన్ తనంతట తనే సాగుతుంది. ఈ ఒక్క సంగతి మూడు నెలల కోర్సులో అరగంట చెప్పి ఉంటే చాలు.

ఇక వరసల మధ్య దూరం. నేను పనిలో చేరినప్పుడు మా ఫోర్‌మన్ గారు చేత్తో కంపోజింగ్ చేసిన తరం మనిషి. సీసపు అక్షరాలు పేర్చి వరసకీ వరసకీ మధ్య సన్నటి సీసపు పట్టీ పెట్టేవాళ్ళట, ఇంగ్లీషులో ఆ ఖాళీని లెడింగ్ అనడం అందుకే. ఆయన నా పేజీలు చూసి ‘గాలి ఆడనివ్వరా, ఊపిరాడక చస్తున్నాయి’ అనేవారు. టెంప్లేట్లలో హెడ్డింగులకి ఆ దూరం అక్షరం సైజుకి 1.1, 1.2 రెట్లు అని పెట్టి ఉంటుంది. అన్నీ పెద్దక్షరాలుండే ఇంగ్లీషుకి అది చక్కగా సరిపోతుంది. మన ‘స్త్రీ’ తీసుకోండి: నెత్తిన గుడిదీర్ఘం, కింద త వత్తు, దానికి తోడు ర వత్తు. ‘రాష్ట్రం’ కూడా అంతే, ష కింద టకారం, దాన్ని చుట్టుకుని క్రారవడి. అలాంటి మాట పై వరసలో ఉండి, దాని కిందే ‘కీర్తి’ లాంటిది వస్తే ఆ వత్తూ ఈ గుడీ ఢీకొంటాయి. నేను ఇప్పుడు హెడ్డింగులకి 1.5, లోపలి మేటర్‌కి 1.7 పెడుతున్నాను. ఫాంటుని బట్టి కొంచెం అటూ ఇటూ. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, నా కంటికి ఆనిన లెక్క. మీ కంటికి ఆనేది వేరే ఉండొచ్చు, కానీ ‘రాష్ట్రం’ అని టైపు చేసి చూడకుండా మాత్రం ఏ లెక్కా ఖాయం చెయ్యకండి.

తర్వాత జరిగింది చెబితే నవ్వుతారు. సైటు పెట్టిన రెండో వారం ఒకావిడ ఫోన్ చేసి, ఉసిరికాయ పచ్చడి మీరు రాసిన రేటుకి ఇవ్వడం లేదేంటని గట్టిగా దెబ్బలాడింది. ఆవిడ చెప్పిన రేటు గోంగూరది. వదిన నన్ను పిలిచింది. పేజీ తీసి చూశాను, పేరు, కింద ధర, కింద ఇంకో పేరు, కింద ఇంకో ధర, అన్నిటి మధ్యా సమానంగా 16 పిక్సెళ్ళు. సమానంగా ఉంటే నీటుగా ఉంటుందనుకున్నాను. గోంగూర ధర గోంగూరకీ ఉసిరికాయకీ సరిగ్గా మధ్యలో నిలబడి ఉంది, ఎవరి మనిషో తెలియకుండా. దగ్గరగా ఉన్నవాటిని మన కన్ను ఒక జట్టుగా చూస్తుందని మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ పండితుడు 1923లోనే చుక్కలు పెట్టి మరీ చూపించాడు. గెస్టాల్ట్ సూత్రాలంటే పెద్ద పేరులా ఉంటుంది గానీ సంగతి ఇదే. పేరుకీ ధరకీ మధ్య 6, ఒక పచ్చడికీ ఇంకో పచ్చడికీ మధ్య 28 చేశాను. గీతలు గియ్యలేదు, డబ్బాలు కట్టలేదు, రంగు మార్చలేదు. మళ్ళీ ఆ తగాదా రాలేదు. (ఆవిడకి ఉసిరికాయ గోంగూర రేటుకే ఇచ్చేశాం, వదిన ఇప్పటికీ అది నా ఖాతాలోనే రాసుకుంది.)

రంగుల దగ్గరికి వస్తే, ఇక్కడ రుచుల గొడవ కొంత పక్కన పెట్టొచ్చు, లెక్క ఉంది కాబట్టి. అక్షరం రంగుకీ వెనక రంగుకీ వెలుగులో ఎంత తేడా ఉందో 1 నుంచి 21 దాకా కొలుస్తారు. తెల్ల కాయితం మీద నలుపు 21. వెబ్‌కి ప్రమాణాలు రాసే సంస్థ వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2008లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకి ఇది కనీసం 4.5 ఉండాలి, పెద్ద హెడ్డింగులకైతే 3 చాలు. రెండు రంగులు ఇస్తే లెక్కకట్టి చెప్పే పేజీలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇప్పుడు మన పసుపు తీసుకోండి. తెల్లటి పేజీ మీద అచ్చమైన పసుపు అక్షరాలు రాస్తే ఆ లెక్క 1.07, అంటే రాయనట్టే. అదే పసుపు మీద నల్లగా రాస్తే 19 దాటుతుంది. రైల్వే స్టేషన్ బోర్డు గుర్తు తెచ్చుకోండి, కదులుతున్న రైల్లోంచి, పొద్దు వాలాక కూడా ఊరి పేరు చదివేస్తాం. పసుపు మీద ఎరుపు 3.7 వస్తుంది, శుభలేఖ మీద పేర్లకి బాగుంటుంది, అదే జోడీతో కింద సన్నగా కల్యాణ మండపం అడ్రసు వేస్తే పెద్దవాళ్ళు చదవలేరు. ఆ తప్పు నేను 26 ఏళ్ళు చేశాను. పసుపూ కుంకుమా అంటే ఎవరూ కాదనరు కదా.

టెంప్లేట్లలో ఇంకో జబ్బు బూడిద రంగు. కంప్యూటర్లో రంగులకి అంకెల పేర్లుంటాయి, 999999 అనే బూడిద తెలుపు మీద 2.8 మాత్రమే. వదిన సైటులో ‘తయారైన తేదీ’ ఆ రంగులోనే ఉండేది, పెరట్లో ఎండలో నిలబడి ఫోన్ చూస్తే అక్కడ ఏమీ లేదనే అనుకునేది. 777777 దగ్గర 4.48 వచ్చి వెంట్రుకవాసిలో తప్పుతుంది, 767676 దగ్గర 4.54తో పాసవుతుంది. కంటికి ఆ రెండిటికీ తేడా తెలియదు. అందుకే నేను అంచున ఆడకుండా ఇంకా ముదురు రంగే వాడతాను, మన అక్షరాల్లో సన్నటి చుక్కలూ గీతలూ ఎక్కువ మరి. థ లోపలి చుక్క, ధ కింది గీత, భ కింది గీత, ఇవి లేత బూడిదలో 13 పిక్సెళ్ళ సైజులో కరిగిపోతాయి. బ్రౌజర్లు మామూలుగా 16 ఇస్తాయి, తెలుగుకి నేను 18కి తగ్గను.

ఏది పెద్దగా, ఏది చిన్నగా అన్నదానికి పాఠం కావాలంటే ఇంట్లో గోడ మీద వేలాడుతున్న తెలుగు క్యాలెండర్ చాలు. తేదీ అంకె గుమ్మం దగ్గర నుంచే కనపడుతుంది. ఆదివారం ఎర్రగా ఉంటుంది. తిథి, నక్షత్రం, వర్జ్యం కావాలంటే దగ్గరికెళ్ళి చూడాలి, కావాల్సినవాళ్ళు వెళ్తారు, అక్కర్లేనివాళ్ళకి అడ్డం రావు. వారాలు వరస తప్పవు. పాల లెక్కా, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకోవడానికి ఖాళీ కూడా మిగులుతుంది! ఆ చిన్న గడిలో అంత సరుకు సర్దిన మనిషి ఎవరో గానీ, పిల్లల్ని ముందు ఆ గడి ఒకటి అచ్చంగా మళ్ళీ గియ్యమనాలి, ఫిగ్మా తర్వాత. నా పని నేను సరిచూసుకునేటప్పుడు కళ్ళజోడు తీసి పక్కన పెట్టి చూస్తాను. మసకలో కూడా మొదట కనపడాల్సింది మొదట కనపడితే సరే.

ఫాంట్ల గురించి ఒక్క మాట. అను ఫాంట్లలో చేసిన నా పాత ఫైళ్ళు సైటులోకి తెస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలై పడ్డాయి, అవి అన్ని కంప్యూటర్లకీ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్ అక్షరాలు కావు గనక, అన్నీ మళ్ళీ టైపు చేసుకున్నాను. బదులుగా దొరికినవి చూస్తే కడుపు నిండింది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సురన్న, పెద్దన, గురజాడ, గిడుగు, రామభద్ర, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, అన్నీ ఉచితం. మండలి అంటే 1975లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకటకృష్ణారావు గారి పేరు. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. వీటిలో చాలావాటికి ఒకే ఒక్క మందం. ‘బోల్డ్’ నొక్కితే బ్రౌజరే అక్షరానికి అటూ ఇటూ మసి పూసి లావు చేస్తుంది, లోపలి గుండ్రాలు పూడుకుపోతాయి. లావు కావాలంటే మొదటే లావుగా గీసిన రామభద్ర హెడ్డింగుకి పెట్టుకోవాలి, లేదా నోటో, అనెక్ లాంటి చాలా మందాలున్న ఫాంట్ తీసుకోవాలి. ఇటాలిక్ సంగతి అసలు ఎత్తకండి, తెలుగుని పక్కకి వంచితే తాగినవాడిలా ఉంటుంది.

ఇప్పుడు మీ సంగతి. కోపం తెచ్చుకోకండి. మీ పేపర్ అచ్చులో ఎంత ముచ్చటగా ఉంటుందో మీ వెబ్‌సైటు ఫోన్లో అంత ఇరుకుగా ఉంటుంది. హెడ్డింగు రెండు వరసలైతే పై వత్తులు కింది గుడుల్లో గుచ్చుకుంటాయి. లోపలి మేటర్‌ని రెండు పక్కలా సమానంగా లాగి పెట్టారు. అచ్చు కాలమ్‌లో మాట ఎక్కడ విరవాలో చూసుకునే మనిషి ఉంటాడు కాబట్టి అది చెల్లుతుంది. ఫోన్ వెడల్పులో మన పొడుగు మాటలు వరసకి మూడో నాలుగో పడతాయి, వాటి మధ్య బొక్కలు పడి వాక్యం చిరుగుల దుప్పటిలా తయారవుతుంది. ఎడమ పక్కకి సర్ది, కుడి పక్క వదిలెయ్యమనండి. ప్రకటనలకి వదిలిన జాగాలో పదో వంతు అక్షరాలకి వదిలినా చాలు.

డిజైన్ పాఠాలు మళ్ళీ వేస్తే మాత్రం తెలుగు వాక్యాలతోనే వేయండి. ఒకే పేజీని తప్పుగా ఒకసారి, సరిగా ఒకసారి పక్కపక్కన అచ్చు వేసి చూపించండి, అచ్చులో అది భలే కుదురుతుంది. బొమ్మలు కావాలంటే వదిన సైటువి పాతవీ కొత్తవీ నా దగ్గర ఉన్నాయి, పంపిస్తాను, డబ్బులేం అక్కర్లేదు. ఈలోగా మీ డెస్క్‌లో ఎవరినైనా రేపు పొద్దున్నే సైటు ఫోన్లో తీసి మొదటి హెడ్డింగు చూడమనండి. ‘రాష్ట్రం’ అన్న మాట లేకుండా మీ మొదటి పేజీ ఏ రోజూ ఉండదు కదా.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, మాజీ డీటీపీ ఆపరేటర్,
సత్యనారాయణపురం, విజయవాడ