జనరేటర్ వేయడానికి కుర్రాడు ఫోన్ చేసి అడగాలా?

సంపాదకులకు నమస్కారం.

రొయ్యల గుంటల్లోకి వస్తున్న కొత్త టెక్నాలజీ గురించి పత్రికల్లో తరచూ చదువుతున్నాం. ఫోన్‌లో ఆక్సిజన్ చూపించే సెన్సర్లు, తమంతట తామే మేత చల్లే ఆటో ఫీడర్లు, ఎక్కడో కూర్చుని ఆన్ చేసే ఏరేటర్లు, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు. అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మండలాల నుంచి అటు కొత్తపట్నం, టంగుటూరు దాకా గుంటలకు సలహాలిచ్చే కన్సల్టెంట్లం మేము. వీటిని కొనమని రైతులకు చెప్పేది మేమే, బిగించాక వాడకం నేర్పేదీ మేమే. అందుకే ఈ సామాను ఎక్కడ అక్కరకు రాకుండా పోతోందో చెప్పాల్సిన బాధ్యత కూడా మాదే అనుకుని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఏరేటర్ ప్యానెల్ బోర్డు పక్కన మేకుకు వేలాడే, గుంట నీళ్ల ఆక్సిజన్‌ను లీటరుకు మిల్లీగ్రాముల్లో రాసే నోటుపుస్తకం తెరిచి చూడండి. రాత్రి పదింటికి 4.5. రెండింటికి 4.5. నాలుగింటికి 4.5. ముసురు పట్టిన రోజూ 4.5. ప్లాంక్టన్ (నీళ్లకు పచ్చదనం ఇచ్చే సూక్ష్మజీవులు) చచ్చి నీళ్ల రంగు మారిన రోజూ 4.5. గుంటలో ఆక్సిజన్ అలా ఒక్కచోట నిలబడదు. ఎండ ఉన్నంతసేపు నీళ్లలోని ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారు చేస్తుంది, మధ్యాహ్నం మూడింటికి 7, 8 దాకా పోతుంది. పొద్దుగూకినాక అదే ప్లాంక్టన్ ఆక్సిజన్ పీల్చడం మొదలుపెడుతుంది. రొయ్య పీలుస్తుంది, అడుగున కుళ్లుతున్న మేత, రెట్ట కూడా లాగేస్తాయి. తెల్లవారుజాము రెండు నుంచి ఆరు లోపల బాగా దిగిపోతుంది. రాత్రంతా ఒకే అంకె ఉందంటే మీటరు నీళ్లలో ముంచలేదనే అర్థం.

అలా రాసిన, గట్టు మీద కాపలా ఉండే కుర్రాణ్ణి బద్ధకస్తుడని తీసిపారేయడం తేలిక. 3.2 అని రాస్తే ఏం జరుగుతుందో అతనికి బాగా తెలుసు. ‘నిద్రపోయావా? ఏరేటర్లు ఎప్పుడు వేశావు?’ అని తిట్లు పడతాయి, నెలాఖరున జీతంలో కోత పడుతుంది. 4.5 అని రాస్తే ఎవరూ పల్లెత్తు మాట అనరు. చెడ్డ కబురు చెప్పినవాడికి తిట్లు పడే చోట మంచి అంకెలే పుడతాయి. రెండు లక్షలు పెట్టి సెన్సర్ బిగించినా, అలారం మోగిందని చెప్పడానికి జంకే మనిషి ఉన్నంత కాలం ఆ డబ్బు నీళ్లపాలే.

జనరేటర్ సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. రాత్రి రెండింటికి కరెంటు పోతుంది. యజమాని నెల్లూరులోనో హైదరాబాదులోనో నిద్రలో ఉంటాడు. డీజిల్ ఖర్చని, తనను అడగకుండా జనరేటర్ వేయొద్దని చెప్పి ఉంటాడు. కుర్రాడు ఫోన్ చేస్తాడు, ఎత్తరు. మళ్లీ చేస్తాడు. రెండు టన్నుల సరుకున్న గుంటలో ఆ వేళప్పుడు ఏరేటర్లు ఆగితే, రొయ్యలు తేలి గట్టు వారకు రావడానికి గంట కూడా పట్టకపోవచ్చు. 25 కేవీఏ జనరేటర్ గంటకు తాగేది నాలుగైదు లీటర్ల డీజిల్. ఆ డీజిల్ మిగుల్చుకోవడానికి నాలుగు నెలల కష్టాన్ని ఒడ్డుతున్నాం.

దీనికి ఏ యాప్ అక్కర్లేదు. ప్యానెల్ బోర్డు మీద ఒక కాగితం అతికిస్తే చాలు. ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు దిగితే ఉన్న ఏరేటర్లన్నీ వేసి మేత ఆపాలి. 3.5 దగ్గర యజమానికీ కన్సల్టెంటుకూ ఫోన్ చేయాలి, ఎత్తినా ఎత్తకపోయినా అరగంటకోసారి కొలుస్తూ ఉండాలి. కరెంటు పోయి పది నిమిషాలైతే జనరేటర్ వేయాలి, ఎవరినీ అడగనక్కర్లేదు. కింద యజమాని సంతకం ఉండాలి. మర్నాడు డీజిల్ లెక్క అడిగినప్పుడు కుర్రాడు ఆ సంతకాన్ని చూపించగలగాలి.

మీటరు గురించి కూడా కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నిజాయతీగా కొలిచినా తప్పు చూపించే మీటర్లు చాలా ఉన్నాయి. ఎక్కువమంది చేసే పొరపాటు సెలినిటీ, అంటే నీళ్లలో ఉప్పు శాతం దగ్గర. ఉప్పు పెరిగేకొద్దీ నీళ్లు పట్టుకోగల ఆక్సిజన్ తగ్గుతుంది. 28 డిగ్రీల వద్ద మంచినీళ్లు 7.8 దాకా పట్టుకుంటే, సెలినిటీ 20 (వెయ్యికి 20 పాళ్ల ఉప్పు) ఉన్న నీళ్లు 7 మాత్రమే పట్టుకుంటాయి. మీటరులో సెలినిటీ సున్నా దగ్గరే వదిలేస్తే, నిజంగా 3.6 ఉన్నచోట అది 4 చూపిస్తుంది. కాగితం మీద రాసుకున్న గీత దాటామని ఎవరికీ తెలియదు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరుతో వారానికోసారి సెలినిటీ చూసి ఆ అంకె మీటరులో మార్చాలి, పెద్ద వాన పడ్డ మర్నాడు కూడా మార్చాలి. పొరతో పనిచేసే మీటరైతే పొర కింద గాలి బుడగ ఉండకూడదు. ప్రోబును నీళ్లలో మెల్లగా కదిలిస్తూ చూడాలి, ఊరికే వదిలేస్తే అంకె దిగుతూ పోతుంది. మీటరును సరిచూసుకునే కాలిబ్రేషన్‌కు ఒక సీసా అడుగున తడి స్పాంజి పెట్టి, ప్రోబు నీటికి తగలకుండా పది పదిహేను నిమిషాలు ఉంచితే 100 శాతం చూపాలి. ఎప్పుడూ నీళ్లలోనే ఉండే సెన్సరుకు రెండు మూడు రోజుల్లోనే జిగురు, నాచు పడతాయి, మెత్తటి గుడ్డతో తుడవాలి. కొలిచే చోటు కూడా ముఖ్యమే. ఏరేటర్ ముందు నురగలో ముంచితే ఎప్పుడూ బాగానే ఉంటుంది. నీళ్లు కదలని మూలలో, అడుక్కి ఒక అడుగు పైన చూడాలి. రొయ్య ఉండేది అక్కడే.

ఇవన్నీ చేయాల్సింది గట్టు మీది మనిషే. అయినా మీటరు మాత్రం యజమాని కారులోనో, మా సంచిలోనో ఉంటోంది. పాడుచేస్తాడని అతని చేతికివ్వరు.

ఆటో ఫీడర్ మంచిదే, మా అందరి అనుభవం అదే. మేత కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పడుతుంది, నీళ్లలో నానిపోయేది తగ్గుతుంది. చిక్కు వచ్చేది దాన్ని నమ్మి చెక్ ట్రే (రొయ్య మేత ఎంత తిన్నదో చూడటానికి గుంటలో దించి ఉంచే పళ్లెం) ఎత్తడం మానేసినప్పుడు. ఫీడర్‌కు మబ్బు తెలియదు, అమావాస్య పౌర్ణములకు రొయ్య గుల్ల విడుస్తుందని తెలియదు. నిన్న పెట్టిన టైమరు ప్రకారం చల్లుతూనే ఉంటుంది. తినని మేత అడుగున చేరి అమ్మోనియా అవుతుంది. వానాకాలంలో గరాటులో మేత చెమ్మగిల్లి గడ్డకడితే ఒక పూట అసలు పడదు, ఇంకో పూట ఒక్కసారిగా పడుతుంది. చెక్ ట్రే చూసే మనిషికి ఇవన్నీ కళ్లబడతాయి. మేత వేశాక మొదట్లో రెండు గంటలకు, రొయ్య పెరిగాక గంటకు ట్రే ఎత్తి, మిగిలిన మేత ఎంత, రొయ్య పేగు నిండుగా ఉందా, మధ్యలో తెగిందా, రెట్ట తెల్లగా ఉందా అని చూసేవాడు. ఫీడర్ వచ్చాక అతని పని బస్తా విప్పి గరాటులో పోయడానికి తగ్గిపోయింది. యంత్రం కొన్న రోజే ఆ మనిషి కళ్లను కూడా పనిలోంచి తీసేశాం. ట్రేలో చూసినదాన్ని బట్టి ఆ పూట ఫీడర్‌ను తగ్గించే, ఆపే అధికారం అతనికే ఉండాలి.

మన వైపు గుంటల మీద కాపలా ఉండే వాళ్లలో యానాది కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒడిశా నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లూ ఉన్నారు. వాగుల్లో, ఉప్పుటేరుల్లో చేపనూ పీతనూ పట్టి బతికిన యానాదులు నీళ్ల వాసన, రంగు, నురగ చూసి చెప్పగలిగిన సంగతులు మా పుస్తకాల్లో ఆలస్యంగా చేరాయి. చదువు రాదని వాళ్లను మీటరుకు దూరం పెట్టడం తప్పు. నీళ్ల పచ్చదనం కొలిచే సెచ్చి డిస్కు ఎంత సులువైనదో చూడండి. 20 సెంటీమీటర్ల పళ్లానికి నలుపు, తెలుపు ముక్కలుగా రంగు వేసి తాడుకు కడతాం. తాడుకు 30 సెంటీమీటర్ల దగ్గర ఒక ముడి, 40 దగ్గర ఇంకో ముడి. పళ్లెం కనబడకుండా పోయే చోటు రెండు ముళ్ల మధ్య ఉంటే బాగున్నట్టు. మొదటి ముడి కంటే ముందే మాయమైతే ప్లాంక్టన్ చిక్కబడింది, ఆ రాత్రి ఆక్సిజన్ పడుతుంది, ముందే జాగ్రత్త పడాలి. దీనికి అక్షరం ముక్క రానక్కర్లేదు. మీటరు డబ్బా మీద కూడా 4 అంకెను ఎర్ర పెయింటుతో రాయించవచ్చు, యాప్ చేసేవాళ్లు రంగులతో, తెలుగు, ఒడియా గొంతుతో చెప్పించవచ్చు. ఇంగ్లీషులో వచ్చే అలర్టు యజమాని ఫోన్‌కే పరిమితం.

శిక్షణల మాట కూడా అంతే. చెన్నైలోని సీబా (ఉప్పునీటి చేపల, రొయ్యల పెంపకం పరిశోధన సంస్థ), సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల సంస్థ ఎంపెడా లాంటివి శిక్షణలిచ్చినప్పుడు వెళ్లేది యజమానులు, మేము. ఈసారి గట్టు మీది మనిషిని పంపండి, ఆ రోజుల జీతం ఇచ్చి పంపండి. మీటరు చూడటం, శాంపిల్ వేసి కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో) కట్టడం, ఏరేటర్ గేర్‌బాక్స్ మార్చడం వచ్చినవాడికి ఆ మాట రాసి సంతకం పెట్టి ఇవ్వండి. ఇంకో గుంటకు వెళ్లినా సూపర్‌వైజర్‌గా చేరే దారి అతనికి ఉండాలి. అడ్వాన్సు కింద కట్టిపడేసిన మనిషి దగ్గర నేర్చుకునే ఉత్సాహాన్ని ఆశించలేం. పట్టుబడి బోనస్‌లో కొంత భాగాన్ని టన్నులతో ముడిపెట్టకుండా, నిజమైన రికార్డుకు ఇవ్వాలి. పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున ఇంకో మీటరుతో సరిచూస్తే పుస్తకం నిజమో కాదో తేలిపోతుంది.

ప్రాణం సంగతి ఒక్కటి గట్టిగా చెప్పాలి. తడి గట్టు మీద, అతుకులేసిన కేబుళ్ల మధ్య, చీకట్లో ఏరేటర్ సరిచేయడానికి దిగేది ఈ మనుషులే. ప్రతి ప్యానెల్‌కూ 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ లేకుండా సెన్సర్ల మాట ఎత్తకూడదు. నీళ్లలోకి దిగే ముందు మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి జేబులో వేసుకుని దిగాలి.

మా తప్పులూ ఉన్నాయి. మేము గుంటకు వచ్చేది పొద్దున పదింటికి, అప్పటికి ఆక్సిజన్ కోలుకుని ఉంటుంది. నీళ్లు సీసాలో పట్టుకుని సాయంత్రం ల్యాబులో అమ్మోనియా చూస్తాం. ఆ అమ్మోనియాలో విషంగా ఉండే భాగం ఎంతో గుంటలో అప్పుడున్న పీహెచ్‌ను బట్టి ఉంటుంది. 28 డిగ్రీల వద్ద పీహెచ్ 8 అయితే వందకు 7 పాళ్లు, 9 అయితే 40 పాళ్లు. గట్టు మీద మధ్యాహ్నం పీహెచ్ చూడకుండా ల్యాబు అంకె ఒక్కదాన్నే చూసి మందు రాయడం గుడ్డి వైద్యం. మందుల షాపు నుంచి కమీషన్ తీసుకునే కన్సల్టెంటు మాట గట్టు మీది మనిషి నమ్మడు, నమ్మకపోవడమే సబబు. నెలకు రెండుసార్లయినా తెల్లవారుజాము నాలుగింటికి గుంట దగ్గర ఉండటం, కమీషన్ వదులుకోవడం మా వృత్తిలో రివాజు కావాలి. ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు కూడా మా మనవి ఇదే. మొదటి పంట గట్టు మీద పడుకుని, కాపలా మనిషి దగ్గర నేర్చుకోండి.

ఈశాన్య రుతుపవనాల వేళ మనకు వానలు, తుపాన్లు, రోజుల తరబడి కరెంటు కోతలు తప్పవు. వాన నీళ్లు పైన పొరలా నిలిచి అడుగు నీళ్లకు గాలి అందకుండా చేస్తాయి కాబట్టి, వాన కురుస్తున్నంతసేపు ఏరేటర్లు తిరగాలి, మేత తగ్గాలి. ఆ లోపు పైన చెప్పిన ప్యానెల్ కాగితాన్ని తెలుగులో, ఒడియాలో పెద్ద అక్షరాలతో మీ జిల్లా పేజీలో ఒక్కసారి అచ్చువేయమని కోరుతున్నాం. ఆరు వాక్యాలకు మించదు, ఒడియాలో మేము రాయించి పంపిస్తాం. యజమాని సంతకానికి కింద కాస్త చోటు వదలండి.

— రొయ్యల గుంటల సాంకేతిక సలహాదారులు కొందరు, నెల్లూరు, ప్రకాశం జిల్లాలు