అమ్మ ఆపరేషన్ బాగా జరిగింది, అందరికీ కృతజ్ఞతలు

అమ్మ ఇంటికొచ్చేసింది. మేం పెట్టే చప్పిడి తిండి చూసి విసుక్కుంటోంది కూడా, కాబట్టి కోలుకున్నట్టే లెక్క. ఫోన్ చేసి అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పలేకపోయాను. ఏం జరిగిందో, మేం ఎవరెవరికి రుణపడ్డామో ఇక్కడ రాస్తున్నాను. డాక్టర్లు తమ పేర్లు వేయొద్దన్నారు, అందుకే ఎవరి పేరూ రాయడం లేదు.

అమ్మకు వచ్చింది గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. అది చాలామందికి వచ్చేదే. కానీ అమ్మకు గాల్‌బ్లాడర్ ఎడమ వైపు ఉంది. లివరూ ఎడమ వైపే. గుండె, ప్లీహం కుడి వైపు. ఛాతీలో, పొట్టలో ఉన్నవన్నీ అద్దంలో చూసినట్టు అటూ ఇటూ మారి ఉన్నాయి. దీన్ని సైటస్ ఇన్వర్సస్ అంటారు. సుమారు 10,000 మందిలో ఒకరికి ఇలా ఉంటుందట. లండన్‌లో మాథ్యూ బెయిలీ అనే డాక్టరు 1788లోనే ఇలాంటి మనిషి గురించి వివరంగా రాశాడు. మా అమ్మకు మాత్రం 58 ఏళ్లు వచ్చేదాకా తన సంగతి తనకే తెలియదు. ఇద్దరు పిల్లల్ని కంది, పొలం పనులు చేసింది, ఏనాడూ ఛాతీ ఎక్స్‌రే తీయించుకునే అవసరం రాలేదు.

గాల్‌బ్లాడర్ నొప్పి మామూలుగా కుడి పక్కటెముకల కింద వస్తుంది. అమ్మకు ఎడమ వైపు వచ్చింది. ఎడమ వైపు నొప్పి అనగానే అందరూ అనేవి రెండే: గ్యాస్, లేకపోతే గుండె. ఒకచోట గ్యాస్ బిళ్లలిచ్చి పంపేశారు. ఇంకోచోట ఈసీజీ తీశారు. అది తేడాగా ఉంటే తీగలు తారుమారుగా పెట్టామేమోనని మళ్లీ తీశారు. రెండోసారీ అలాగే వచ్చింది. కాగితం చేతిలో పెట్టి పంపారు, అంతే.

అందుకే మొదటి దండం తెనాలిలో స్కానింగ్ చేసిన రేడియాలజిస్టు గారికి. లివర్ ఉండాల్సిన చోట ప్లీహం కనబడేసరికి ఆయన ముందు తన మిషన్‌నే అనుమానించారు. ప్రోబ్ తిప్పి పట్టుకున్నానేమోనని సరిచూసుకున్నారు. తర్వాత ఎడమ వైపు చూస్తే లివరూ, దాని కింద రాళ్లతో నిండిన గాల్‌బ్లాడరూ కనిపించాయి. "అమ్మా, మీ గుండె ఎటు కొట్టుకుంటుందో ఎప్పుడైనా చూసుకున్నారా?" అని అడిగారు. "గుండె ఎటుంటే ఏం బాబూ, ముందు ఈ నొప్పి సంగతి చూడు" అంది మా అమ్మ. బయట అంతమంది ఎదురుచూస్తున్నా ఆయన తొందరపడలేదు. ఎక్స్‌రే కూడా తీయించి, రిపోర్టులో అన్నీ అటూ ఇటూ మారి ఉన్నాయన్న వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, గుంటూరు పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పారు.

అక్కడి సర్జరీ వాళ్లకు ఎంత చెప్పినా తక్కువే. కెమెరాతో గాల్‌బ్లాడర్ తీయడం వాళ్లకు రోజూ ఉండే పని. అయితే ఆ అలవాటే ఇక్కడ అడ్డు. మామూలుగా సర్జన్ రోగికి ఎడమ పక్కన నిలబడతారు, అమ్మకు కుడి పక్కన నిలబడాలి. మానిటరూ, పొట్టకు పెట్టే రంధ్రాలూ అన్నీ అటువైపు నుంచి ఇటువైపుకు మారాలి. ఎడమచేతి వాటం సర్జన్లకు ఇది కాస్త తేలికట. మా డాక్టరు గారిది కుడిచేతి వాటం. ఆయన కాగితం మీద బొమ్మ గీసి, దాన్ని తిరగేసి వెలుతురుకు పట్టి మాకు చూపించారు. ఇలాంటివాళ్లలో నాళాలు కూడా వేరే దారిలో ఉండొచ్చని, పైత్యరసం వెళ్లే గొట్టం పొరపాటున తెగితే చాలా ప్రమాదమని, ముందే ఎమ్మార్సీపీ (ఆ గొట్టాలను చూపించే స్కాన్) తీయించారు. ఆపరేషన్‌లో గాల్‌బ్లాడర్ మెడను పక్క రంధ్రంలోంచి ఒక పీజీ డాక్టరమ్మ పట్టుకుంటే, సర్జన్ గారు కుడిచేత్తోనే పని చేశారు. గాల్‌బ్లాడర్‌కు వెళ్లేవి ఒక గొట్టం, ఒక రక్తనాళం, ఈ రెండేనని స్పష్టంగా కనబడ్డాకే క్లిప్పులు వేసి కోశారట. ఆయన బయటికొచ్చి ముందుగా చెప్పింది "ఆ అమ్మాయి చెయ్యి కదలకుండా పట్టుకుంది" అని. తన గొప్ప ఒక్క ముక్క కూడా చెప్పుకోలేదు. నాకు అది బాగా నచ్చింది.

మత్తు డాక్టరు గారు ముందే ఎకో చేయించి గుండె పనితీరు బాగుందని చూసుకున్నారు, ఈసీజీ తీగలన్నీ కుడి వైపుకు మార్చి పెట్టారు. చిన్నప్పటి నుంచి జలుబు, దగ్గు, సైనస్ ఎక్కువా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఇలా పుట్టినవాళ్లలో కొందరికి ఊపిరితిత్తుల ఇబ్బంది కూడా ఉంటుందట. అమ్మకు అలాంటిదేం లేదు.

వార్డులో మెడికల్ స్టూడెంట్లు అమ్మను అడిగి, ఒప్పుకున్నాకే, స్టెతస్కోపు కుడి వైపు పెట్టి విన్నారు. మొదట సిగ్గుపడినా తర్వాత "ఒకళ్ల తర్వాత ఒకళ్లు రండర్రా" అని తనే లైన్లో పెట్టింది. రాత్రి డ్యూటీ సిస్టర్ గారికి, స్ట్రెచర్ తోసినా చేయి చాచని వార్డుబాయ్‌కి, రక్తం కావాలేమోనని పొద్దున్నే వచ్చి కూర్చున్న మా బావమరిది స్నేహితులకు దండాలు. రక్తం అవసరం పడలేదు. అన్నాళ్లూ మా గేదెను చూసిన పక్కింటి పిన్నికి ప్రత్యేకంగా.

ఊళ్లో కొందరు "లోపల అన్నీ తిరగబడ్డాయంట" అని భయంగా అడుగుతున్నారు. ఇప్పుడు తిరగబడినవి కావు. తల్లి కడుపులో తొలి వారాల్లో సన్నటి నూగులాంటివి తిరుగుతూ ద్రవాన్ని ఒక వైపుకు తోస్తాయి, కుడి ఎడమలు అప్పుడే తేలతాయి. అక్కడ తేడా వస్తే ఇలా పుట్టొచ్చు. అన్నయ్యా, నేనూ పరీక్ష చేయించుకున్నాం, మాకు మామూలుగానే ఉంది.

గుండె కుడి వైపు, లివర్ ఎడమ వైపు, అపెండిసైటిస్ వస్తే నొప్పి ఎడమ వైపు రావచ్చు అని డాక్టరు గారు ఒక కార్డు మీద రాసిచ్చారు. అది అమ్మ పర్సులో ఉంది, ఫొటో మా అందరి ఫోన్లలో ఉంది. చూడటానికి వచ్చేవాళ్లు సాయంత్రం రండి, మధ్యాహ్నం పడుకుంటోంది. స్వీట్లు, పచ్చళ్లు మాత్రం తేవద్దు. అడిగినా పెట్టొద్దు, అడుగుతుంది.