ఆకు తెలియక కొండనే తెచ్చినవాడు: ప్రధానోపాధ్యాయుని లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

ఏడో తరగతి పిల్లలు ఈ నెల యుద్ధకాండలోని సంజీవని ఘట్టాన్ని నాటికగా వేయబోతున్నారు. ఇంట్లో అట్టపెట్టెలు మాయమవుతున్నాయని కొందరు ఫోను చేశారు. అవన్నీ ప్రస్తుతం మా స్టాఫ్ రూములో కొండ రూపంలో ఉన్నాయి.

ఇంద్రజిత్తు బ్రహ్మాస్త్రానికి 67 కోట్ల వానరులు కూలిన రాత్రి, బాణాలు గుచ్చుకొని కన్ను తెరవలేకపోతున్న జాంబవంతుడు విభీషణుణ్ణి గొంతుతోనే గుర్తుపట్టి, రామలక్ష్మణుల ఊసెత్తకుండా, హనుమంతుడు బతికే ఉన్నాడా అని అడుగుతాడు. ఇదేమి ప్రశ్న అని విభీషణుడు ఆశ్చర్యపోతే, అతడొక్కడుంటే చచ్చిన సేన కూడా బతికినట్టేనని ఆ ముసలాయన జవాబు. పక్కనే ఉన్న హనుమంతుడు వెంటనే ఆయన పాదాలు పట్టుకుంటాడు. రిహార్సల్లో అల్లరి పిల్లలు కూడా ఇక్కడ గమ్మునైపోతున్నారు.

నవ్వు తరువాత మొదలవుతుంది. ప్రాణం పోసేది, ములుకులు తీసేది, మేనికి రంగు తెచ్చేది, విరిగినది అతికించేది అని జాంబవంతుడు చెప్పిన నాలుగు మూలికల కోసం హనుమంతుడు హిమాలయానికి వెళితే, అవి ఇతణ్ణి చూసి దాక్కున్నాయి. రాముడి మీద జాలి లేదా అని కొండనే కోప్పడి, శిఖరం పెకలించుకొచ్చి, ఆ ఓషధుల గాలికే అందరూ లేచాక తిరిగి యథాస్థానంలో పెట్టి వచ్చాడు. లక్ష్మణుడు రావణుని శక్తికి పడిపోయినప్పుడు వానర వైద్యుడు సుషేణుడు ఇతణ్ణి మళ్ళీ అక్కడికి పంపితే, ఓషధులు గుర్తుపట్టలేక శిఖరమంతా తెచ్చానని దాచకుండా ఒప్పుకున్నాడు. రాయలసీమలో సంజీవరాయుడని పిలిచి గుళ్ళు కట్టుకున్నది ఈ స్వామికే. వైద్యం తెలిసినవాడు సుషేణుడు, మోసుకొచ్చినవాడు ఇతడు. నాకు మాత్రం ఆ ఒప్పుకోలే ఎక్కువ ఇష్టం.

మొన్న వాము ఆకు ఒకటి తెమ్మంటే, మా హనుమంతుని వేషధారి రెండు చేతులా మట్టికుండీ పట్టుకొని గుమ్మంలో నిలబడ్డాడు. "ఏది వామో, ఏది తులసో తెలియలేదు సార్, రెండూ ఒకే కుండీలో ఉన్నాయి" అన్నాడు. తరగతిలో విచారిస్తే ఆ రెంటినీ వేరుగా చెప్పగలిగినవారు కొద్దిమందే.

కాబట్టి వచ్చే సోమవారం ప్రతి పిల్లవాడూ, పిల్లా పెరట్లోనిదో, ఇరుగుపొరుగుదో ఒక ఆకు తేవాలి; దాని పేరు, ఇంట్లో దానిని దేనికి వాడేవారో అమ్మమ్మనో తాతయ్యనో అడిగి రాసుకురావాలి. తెలియని ఆకును నోట పెట్టవద్దని మీరూ ఒకసారి చెప్పండి. దయచేసి కుండీలు పంపవద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు