పెళ్ళికి రాలేకపోయిన మేనమామకి పందిట్లో చోటిచ్చినవాళ్ళకి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

వైశాఖంలో మా పాప పెళ్ళి మా ఊళ్ళోనే, ఇంటి ముందు పచ్చి కొబ్బరాకు పందిట్లో జరిగింది. ఉదయగిరి కొండ కింద పల్లె మాది. వచ్చినవాళ్ళకి చేతులెత్తి దండం పెట్టి, తాంబూలం చేతిలో పెట్టి పంపించాం. రాలేకపోయినవాళ్ళకి కూడా పెళ్ళి చూపించాలని ఆ రాత్రి కునుకు తీయకుండా తిరిగినవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ సంగతి నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నా. పేర్లు రాయొద్దని అందులో ఇద్దరు ముగ్గురు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. మా ఊరివాళ్ళకి పేర్లు లేకపోయినా ఇట్టే తెలిసిపోతుంది.

ముందు మా తమ్ముడి గురించి చెప్పాలి. కువైట్‌లో డ్రైవరు. ఉదయగిరి, వింజమూరు, కలిగిరి వైపు గల్ఫ్‌కి మనిషిని పంపని వీధి ఉండదు, మా ఇల్లూ అందులో ఒకటి. ముహూర్తం పెట్టుకున్నప్పుడే వాడు టికెట్ చూసుకున్నాడు. తీరా పెళ్ళి దగ్గరికొచ్చేసరికి అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి, దాని రెన్యువల్ కాగితాలు ఎక్కడో ఆగిపోయాయి. అవి చేతికి రాకుండా బయల్దేరితే ఉద్యోగానికే మోసం. "అక్కా, నువ్వు దిగులు పెట్టుకోబాక. నేను లేకపోతే పెళ్ళి ఆగుతుందా" అని ఫోన్ పెట్టేశాడు. పెళ్ళి ఆగదు, నిజమే. కానీ పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి తెచ్చేది మేనమామ. ఆ గంప ఎత్తాలని వాడు పాప పుట్టినప్పటి నుంచీ చెప్పుకుంటున్నాడు.

నా పెళ్ళికీ ఇదే తంతు. 1994లో మా మేనమామ కూడా కువైట్‌లోనే ఉన్నాడు. పెళ్ళినాటికి ఆయన దగ్గర్నుంచి వచ్చింది ఒక టెలిగ్రాం. ఆయన నా పెళ్ళి చూసింది తర్వాతెప్పుడో, సెలవుకి వచ్చి తిరిగి వెళ్తున్న ఒకాయన బట్టల మధ్య దాచి తీసుకెళ్ళిన వీడియో క్యాసెట్‌లో. 2013 జూలైలో టెలిగ్రాం సర్వీసు ఆపేశారని పేపర్లో చదివినప్పుడు పెట్టెలోంచి ఆ కాగితం తీసి చూసుకున్నా. కాబట్టి ఈసారి క్యాసెట్ వద్దు, వాడు అదే నిమిషంలో చూడాలి అని పట్టుబట్టా.

పట్టుబట్టడం వరకే నా వంతు. పని చేసింది మా వీధిలో పాలకేంద్రం పక్కింటి అమ్మాయి. నా అంగన్‌వాడీలో గుడ్డు తినమంటే ఏడ్చిన పిల్ల, ఇప్పుడు బీటెక్ చదువుతోంది. నాకు తెలిసింది వీడియో కాల్ ఒక్కటే. వాట్సాప్ కాల్‌లో 32 మందికి మించి పట్టరని, జూమ్ డబ్బు కట్టకపోతే 40 నిమిషాలకి తెగిపోతుందని ఆ అమ్మాయే చెప్పింది. మన పెళ్ళిలో 40 నిమిషాలకి గౌరీపూజ కూడా అయ్యేట్టు లేదు. అందుకని యూట్యూబ్ లైవ్ అంది. దానికీ నియమాలున్నాయి. ఫోన్ నుంచి లైవ్ పెట్టాలంటే ఛానెల్‌కి కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. మొదటిసారి లైవ్ అడిగితే అనుమతి రావడానికి 24 గంటల దాకా పట్టొచ్చు. పెళ్ళి రోజు పొద్దున మొదలుపెట్టి ఉంటే సాయంత్రానికి అందరం తలలు పట్టుకునేవాళ్ళం. ఆ పిల్ల శుభలేఖలు పంచుతుండగానే ఛానెల్ తెరిచి, పంచడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఫోన్ తీసుకుని సబ్‌స్క్రైబ్ నొక్కించింది. లింకు ఉన్నవాళ్ళకి తప్ప వేరెవరికీ కనపడకుండా పెట్టింది. అది నాకు బాగా నచ్చింది. ఆడపిల్ల పెళ్ళి, మెళ్ళో నగలు, ఊరందరి ముఖాలు. దారిన పోయేవాళ్ళంతా చూడాల్సిన పనేముంది?

ముహూర్తం గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం 3 గంటల 42 నిమిషాలకి. మనకి ఈ మాట అలవాటే, బయట ఉన్నవాళ్ళకి తికమక. కువైట్‌లో అది రాత్రి 1:12. అమెరికాలో న్యూజెర్సీ వాళ్ళకి ఇంకా గురువారం సాయంత్రం 6:12. మెల్‌బోర్న్‌లో ఉన్న నా స్నేహితురాలికి శుక్రవారం పొద్దున 8:12, పిల్లల్ని బడికి పంపే వేళ. ఎవరికి ఏ రోజు ఏ టైమో విడివిడిగా రాసి ఆ అమ్మాయే పంపింది. శుభలేఖలో ఇవన్నీ వేయించి ఉంటే పంచాంగం అయ్యేది.

ఇక సిగ్నల్. 1514లో కృష్ణదేవరాయలు ఈ ఉదయగిరి దుర్గాన్ని గెలవడానికి ఏడాదికి పైగా ముట్టడి వేశాడు. మా ఊళ్ళో ఫోన్ సిగ్నల్ కూడా ఆ కొండ దాటి రావడానికి అంతే ఆలోచిస్తుంది. ఫైబర్ లైన్ మెయిన్ రోడ్డు దాకానే ఉంది. మన కేబుల్ అబ్బాయి వచ్చి నాకొక పాఠం చెప్పాడు. "అమ్మా, మీరు సినిమా చూడ్డానికి కావాల్సింది డౌన్‌లోడ్. పెళ్ళి చూపించడానికి కావాల్సింది అప్‌లోడ్. ఫోన్‌లో సినిమా బాగా వస్తుంది కదా అని దాన్ని నమ్ముకోబాకండి." 720 క్వాలిటీతో పంపాలంటే సెకనుకు 4 మెగాబిట్ల దాకా నిలకడగా పైకి వెళ్ళాలంట. ముందు వారం సరిగ్గా ముహూర్తం వేళకే వచ్చి, నిద్రమత్తులో ఉన్న మా ఆయన్ని లేపి, పందిరి గుంజ దగ్గర ఫోన్ స్పీడు చూశాడు. నిలవలేదు. తెల్లారి రోడ్డు నుంచి వేపచెట్టు మీదుగా, ఇద్దరి మిద్దెల మీదుగా పందిట్లోకి వైరు లాగాడు. ఆ మిద్దెల వాళ్ళకీ దండాలు. అందులో ఒక ఇంటివాళ్ళకీ మాకూ గెట్టు తగాదా ఉంది. అయినా కిక్కురుమనకుండా లాక్కోనిచ్చారు.

ఆ అబ్బాయి చేసిన అసలు మేలు ఇంకోటి. మే నెల కదా, రాత్రి రెండు గంటలప్పుడు గాలి లేచింది. షామియానాలు ఎగిరాయి, కరెంటు పోయింది. జనరేటర్ వెంటనే అందుకుంది, లైట్లు వెలిగాయి, అందరూ హమ్మయ్య అనుకున్నారు. లైట్లు క్షణంలో వస్తాయి గానీ, ఇంటర్నెట్ డబ్బా ఆరిపోయి మళ్ళీ లేవాలంటే కొన్ని నిమిషాలు పడుతుంది. అతను అది ముందే ఊహించి దానికి విడిగా ఒక చిన్న బ్యాటరీ తగిలించాడు. పందిరంతా చీకటైనప్పుడు కుర్చీ కింద ఆ డబ్బా పచ్చ లైటు ఒక్కటే వెలుగుతోంది. కువైట్‌లో వాళ్ళకి తెర నల్లబడింది గానీ, మాటలు వినిపిస్తూనే ఉన్నాయంట. "జనరేటరోడు యాడికి పోయాడ్రా" అని మా బావగారు వేసిన కేక మాత్రం మూడు ఖండాలకీ స్పష్టంగా చేరింది.

పంతులుగారికి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పెద్దాయన, మైకు అంటే ఒప్పుకోరేమో అనుకున్నాం. ఉత్తరీయానికి చిన్న మైకు తగిలిస్తామంటే, "పెట్టమ్మా, మంత్రం వినపడకపోతే చూసి ఏం లాభం" అన్నారు. సౌండ్‌బాక్సుల అబ్బాయి కూడా చెప్పగానే సినిమా పాటలు ఆపేశాడు. ఆ రికార్డులు లైవ్‌లో పడితే కాపీరైట్ కింద మధ్యలో ఆపేసే వీలుందంట. దాంతో రాత్రంతా మేళం వాళ్ళ సన్నాయే. నా మటుకు నాకు అదే మేలనిపించింది.

గంప దగ్గరికొస్తా. యూట్యూబ్‌లో మన దగ్గర జరిగింది వాళ్ళకి చేరడానికి అర నిమిషం దాకా ఆలస్యం. అందుకని ఆ అమ్మాయి మా తమ్ముడికి మాత్రం ఇంకో ఫోన్‌లో నేరుగా వీడియో కాల్ పెట్టింది. గంప ఎత్తడానికి మా పెదనాన్న కొడుకు సిద్ధంగా ఉన్నాడు, వరసకి వాడూ మేనమామే. పాప గంపలో కూర్చుంది, చేతిలో కొబ్బరి బోండం. వాడు గంప అంచు పట్టుకుని, ఎత్తకుండా ఫోన్ వంక తిరిగి, "అన్నా, ఎత్తమంటావా?" అన్నాడు. ఇట్టా అడగమని వాడికి ఎవరూ చెప్పలేదు. పంతులుగారు మంత్రం ఆపి, మైకు ఉన్న భుజాన్ని ఫోన్ దగ్గరికి వంచారు. మా తమ్ముడు పట్టుపంచె కట్టుకుని కువైట్‌లో తన గదిలో నిలబడి ఉన్నాడు. కాసేపు వాడి నోట మాట రాలేదు. తర్వాత "ఎత్తురా అబ్బయ్యా, నిదానం" అన్నాడు. గంప లేచింది. మేళం అందుకుంది. ఇక్కడ పాప పీటల మీద కూర్చున్నాక, అక్కడ కువైట్ గదిలో టీవీలోంచి వాడి గొంతే వాడికి వినిపించింది, "ఎత్తురా అబ్బయ్యా, నిదానం" అని. గదిలో వాళ్ళంతా ఒక్కసారి గొల్లుమని నవ్వారంట. వాడు మాత్రం బాత్‌రూమ్‌లోకి పోయి తలుపేసుకున్నాడని ఆ గదిలోనే ఉన్న బద్వేలు తమ్ముడు తర్వాత నాకు చెప్పాడు.

ఆ గదిలో వాళ్ళకి కూడా రుణపడ్డా. శుక్రవారం సెలవు కాబట్టి కొందరు మేలుకోగలిగారు, ఇద్దరికి మాత్రం పొద్దున డ్యూటీ ఉంది, అయినా కూర్చున్నారు. ఎవరో టీవీ మోసుకొచ్చారు. బద్వేలు తమ్ముడు పప్పు, గుత్తొంకాయ, పాయసం వండాడు. బియ్యంలో పసుపు, నెయ్యి కలిపి అక్షింతలు కూడా కలుపుకున్నారు. జీలకర్రబెల్లం పెట్టగానే టీవీ మీద చల్లారంట. ఆ గింజలు ఇంకా టీవీ వెనక దొరుకుతున్నాయని మొన్న ఫోటో పెట్టారు.

వియ్యంకుల వైపూ ఒక లోటుంది. కొంగుముడి వేయాల్సిన ఆడపడుచు న్యూజెర్సీలో ఉంది, ఎనిమిదో నెల, విమానం ఎక్కొద్దన్నారు. ఆమె కోరిందల్లా ఆ ముడి దగ్గరగా చూపించమని. ఆమె బదులు పిన్నమ్మ కూతురు ముడి వేస్తుంటే, వీడియో అబ్బాయి అడ్డం తప్పుకుని ఫోన్‌కి దారిచ్చాడు. ఈ తప్పుకోవడం చిన్న విషయం కాదు. మన పెళ్ళిళ్ళలో మాంగల్యధారణ వేళ పందిట్లో కూర్చున్నవాళ్ళకి కనిపించేవి ఫోటోగ్రాఫర్ల వీపులే కదా. ఈసారీ మా ముందు వరసకి వీపులే దక్కాయి. సూత్రం మూడు ముళ్ళూ శుభ్రంగా చూసింది న్యూజెర్సీ, కువైట్, మెల్‌బోర్న్ వాళ్ళే.

ఒక్క మాట మాత్రం చెప్పాలి, ఎవరూ నొచ్చుకోవద్దు. మా పెళ్ళి లైవ్ చూసి, "ఇక నుంచి లింకు పంపితే చాలు, మేమూ ఇంట్లోంచే చూస్తాం" అని నెల్లూరు చుట్టాలు కొందరు అంటున్నారు. నెల్లూరు నుంచి ఉదయగిరి దాదాపు వంద కిలోమీటర్లు, బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. లింకు రాలేనివాళ్ళకి. మీకు శుభలేఖే వస్తుంది, రావాల్సిందే.

రాలేకపోయినవాళ్ళ వంతు తాంబూలం ఎత్తి పెట్టాం. కానుకగా మన ఉదయగిరి చెక్క గరిటెలు ఇచ్చాం కదా, కువైట్ వాళ్ళవి వచ్చే వారం వెళ్తున్న మనిషి చేతికి ఇస్తున్నా. న్యూజెర్సీ, మెల్‌బోర్న్‌వి పోస్టులో వస్తాయి. వీడియో అదే లింకులో ఉంది, నిద్ర ఆపుకోలేకపోయినవాళ్ళు తీరిగ్గా చూసుకోవచ్చు. దయచేసి బయట గ్రూపుల్లో పెట్టకండి.

లాగిన వైరు, ఫోన్ స్టాండు, కాలర్ మైకు, ఆ చిన్న బ్యాటరీ మా ఇంట్లోనే ఉంచాం. కేబుల్ అబ్బాయి, బీటెక్ అమ్మాయి ఇద్దరూ ఒప్పుకున్నారు. మన చుట్టుపక్కల ఊళ్ళలో గల్ఫ్‌లో మనుషులున్న ఇంట పెళ్ళి గానీ సీమంతం గానీ ఉంటే వచ్చి అడగండి, అద్దె లేదు. బ్యాటరీ మాత్రం ముందు రోజే ఛార్జింగ్ పెట్టుకోవాలి.