ఛాయా సోమేశ్వరం నీడ, మన త్రీడీ మోడల్

నల్లగొండ

సతీష్,

ఎట్లున్నావురా? అమ్మ, బాపు బాగున్నారా? ఫోన్లో సగం చెప్పి ఆపేశాను, మిగతాది రాస్తేనే కుదురుతుంది.

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని త్రీడీలో చెయ్యాలన్న ఆలోచన నన్ను వదలడం లేదు. కందూరు చోడుల నాటి త్రికూటాలయం కదా, మూడు గర్భగుళ్లకూ ఒకటే మండపం. ఒక గర్భగుడిలో పొద్దంతా స్తంభం నీడ నిలిచే ఉంటుంది, సూర్యుడు ఎటు తిరిగినా కదలదు. ఎండ నేరుగా లోపలికి రాదని, మండపం స్తంభాల సందుల్లోంచి వచ్చే వెలుతురు అందని చోటే మనకు నీడగా కనిపిస్తుందని చెబుతారు. ఈ మాట నిజమో కాదో గుళ్లో ఎలా తేల్చుతాం, స్తంభం తీసి చూస్తామా? మోడల్లో తీయొచ్చు! బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పానగల్లు అక్షాంశం, నెల, గంట ఇచ్చి సూర్యుణ్ణి పెట్టి, ఒక్కో స్తంభాన్నీ మాయం చేస్తూ పోతే ఏది తీసినప్పుడు నీడ చెదిరిందో తెలిసిపోతుంది. ఆ శిల్పుల లెక్క కళ్లారా చూడొచ్చురా.

పనికి మాత్రం చాలా ఓపిక కావాలి. గుడిని అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, వాటి నుంచే మోడల్ కట్టాలి. ప్రతి ఫొటోలో పక్క ఫొటోలోని భాగం మూడింట రెండు వంతులైనా ఉండాలి. అప్పుడే సాఫ్ట్‌వేర్ ఒకే బిందువును వేర్వేరు కోణాల్లో గుర్తుపట్టి దాని చోటు లెక్కగడుతుంది. నున్నగా మెరిసే రాళ్లతోనే టెన్షన్. మనం జరిగితే మెరుపూ జరుగుతుంది, లెక్క తప్పుతుంది. మబ్బు పట్టిన రోజైతే నయం. గర్భగుడిలో ఫ్లాష్ అసలు వద్దు. కొలత తెలిసిన కర్ర ఒకటి ఫొటోల్లో పడాలి, లేకపోతే మోడల్‌కు సైజు తెలియదు.

పారిస్‌లో నోట్రడామ్ చర్చిని ఆండ్రూ టాలన్ అనే ప్రొఫెసర్ 2010లో లేజర్‌తో స్కాన్ చేశాడు. 2019లో కప్పు కాలిపోయే నాటికి ఆయన లేడు, ఆయన తీసిన కొలతలు మాత్రం మళ్లీ కట్టేవాళ్లకు అక్కరకొచ్చాయి. మన గుళ్లలో ఎన్నింటికి అలాంటి కొలతలున్నాయి చెప్పు?

ఇక ఏఆర్, అంటే ఫోన్ కెమెరాలో కనిపించే అసలు దృశ్యం మీదే మన మోడల్‌ను చూపించడం. శిథిలమైన చోట ఫోన్ ఎత్తితే ఒకప్పటి రూపం కనబడాలి, సరే. కానీ రాయి సాక్ష్యం ఉన్న భాగం గట్టి రంగులో, మన ఊహ పలచటి గీతల్లో ఉండాల్సిందే. పాత కట్టడాలను కంప్యూటర్‌లో చూపించేవాళ్ల కోసం రాసిన 2009 నాటి నియమావళి లండన్ చార్టర్ కూడా తెలిసినదేదో, ఊహించినదేదో చూసేవాళ్లకు తెలియాలనే అంటుంది. అందం కోసం బంగారు రంగు పూస్తే పిల్లలు అదే చరిత్ర అనుకుంటారు. దీని మీద నేను ఎవరితోనైనా కొట్లాడతా.

దసరాకు వచ్చేటప్పుడు నీ వైడ్ లెన్సు, ట్రైపాడ్ తెచ్చుకో. అనుమతి కోసం దరఖాస్తు నేను రాసి పెడతా. భక్తులు తక్కువుండే పూట ఏదో పూజారిగారిని అడుగుతాను.

నీ
మల్లేశ్