కళల పండుగ సాయంత్రం పూట పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

గత శని, ఆదివారాల్లో మా పేటకు దగ్గర్లో ఉన్న ఒక బడి ఆవరణలో కళల పండుగ జరిగింది. ఉదయం 10 గంటల నుంచి సాయంత్రం 5 గంటల వరకు అని కరపత్రంలో వేశారు. పెట్టినవాళ్లు మంచి మనసుతోనే పెట్టారు, ఆ మాట ముందే చెబుతున్నాను. టికెట్ లేదు. ఉదయగిరి చెక్క నగిషీలు, కలంకారీ, కూచిపూడి, బుర్రకథ, తోలుబొమ్మలాట అన్నీ ఒక్కచోటికి తెచ్చారు. జెయింట్ వీల్ ఉండే ఎగ్జిబిషన్లు మన నెల్లూరుకు ఏటా వస్తూనే ఉంటాయి గానీ, ఇలాంటిది మా వీధుల మధ్యకు రావడం నేను చూడలేదు. అందుకే ఎనిమిదేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని రెండు రోజులూ వెళ్లాను. చూసిన తర్వాత ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అసలే రోహిణి కార్తె. శనివారం 11 గంటలకే ఫోన్‌లో 41 డిగ్రీలు చూపించింది. తోలుబొమ్మలాట 12 గంటలకు పెట్టారు.

తోలుబొమ్మ సంగతి తెలిసినవాళ్లెవరైనా ఆ టైము చూసి బాధపడతారు. తోలును గోకి గోకి పలచన చేసి, సన్నగా చిల్లులు కొట్టి, రంగులు వేస్తారు. తెర వెనక దీపం పెడితేనే ఆ చిల్లుల్లోంచి వెలుతురు వచ్చి సీతమ్మ నగలు నగల్లా మెరుస్తాయి. చుట్టూ చీకటి ఉండాలి, వెలుతురు వెనక నుంచి రావాలి. పూర్వం ఆముదం దీపాలు పెట్టేవాళ్లు, తర్వాత పెట్రోమాక్సులు వచ్చాయి, ఇప్పుడు బల్బులు. దీపం మారింది గానీ రాత్రి మారలేదు. మరి మిట్టమధ్యాహ్నం చీకటి ఎక్కడి నుంచి వస్తుంది? షామియానాకు నాలుగు వైపులా టార్పాలిన్ పట్టాలు దించి కట్టారు. లోపల చీకటయితే అయింది, గాలి ఆడటం ఆగిపోయింది. కూర్చున్నవాళ్లం పాతికమందిమి కూడా లేము. పది నిమిషాలకే సగం మంది లేచి బయటికి వెళ్లిపోయారు.

నేను మనవరాలిని తీసుకుని తెర వెనక్కి వెళ్లాను. ఆ ఇరుకులో నలుగురు మనుషులు, ఒక పెద్ద లైటు. హార్మోనియం దగ్గరున్న ఆమె ఒక చేత్తో వాయిస్తూ ఇంకో చేత్తో కొంగుతో విసురుకుంటోంది. ఆంజనేయుణ్ణి ఆడిస్తున్న పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. మనిషంత ఎత్తున్న బొమ్మ అది. మోచేతి నుంచి చెమట కారి బొమ్మ మీద పడకుండా ముంజేతికి తువ్వాలు చుట్టుకున్నాడు. ఆ తువ్వాలు కూడా తడిసిపోయింది. ఆట అయ్యాక ఎందుకలా కట్టుకున్నావయ్యా అని అడిగితే, "తడి తగిలితే తోలు ముడుచుకుపోద్దమ్మా, మా నాయన చేసిన బొమ్మ ఇది" అన్నాడు. మా మనవరాలు ఆంజనేయుడి తోకను తాకి చూస్తుంటే, "ఇది రాత్రి పూట చూడాల పాపా, పగలు మా బొమ్మలకు ప్రాణం ఉండదు" అన్నాడు. గంటన్నర ఆడాల్సిన లంకాదహనం అరగంటలో ముగించేశారు. నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడు, బంగారక్క ఒక్కసారి వచ్చి వెళ్లిపోయారు. వాళ్ల తప్పేం లేదు, ఆ ఉక్కలో అంతసేపు ఆడటమే గొప్ప.

ఆదివారం చిన్నపిల్లల కూచిపూడి. అది 10 గంటలకే మొదలు కావాలి. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యంగా వచ్చారు, ఆ తర్వాత జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, ప్రసంగాలు. ముఖాన రంగు, నెత్తిన పూలజడ, నడుముకు వడ్డాణంతో పన్నెండు మంది ఆడపిల్లలు వేదిక పక్కన ఎండలో నిలబడ్డారు. వేదిక మీద ఎర్ర తివాచీ పరిచారు గానీ కింద ఇనుప రేకు. చెప్పుల్లేకుండా ఆడాలి కదా! ఒక పిల్ల కాలు మార్చి కాలు మోపుతుంటే గజ్జెలు గలగలమంటున్నాయి, పాట ఇంకా మొదలే కాలేదు. వాళ్లమ్మ పరుగున వచ్చి చేతిలోని నీళ్ల సీసా తివాచీ మీద పోసేసింది. అది చూసి ఇంకో ఇద్దరు తల్లులు కూడా పోశారు. పిల్లలు తాగాల్సిన నీళ్లవి. ఆ పిల్లలు ఒక్క అడుగు కూడా తప్పకుండా ఆడారు. నాకు మాత్రం చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు.

ఉదయగిరి నుంచి వచ్చిన చెక్క పనివాళ్ల దుకాణం రేకుల షెడ్డు కింద. నర్ది, బిక్కి, కలివి లాంటి అడవి చెక్కతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు, దువ్వెనలు చేస్తారు. ఇది ఆ ప్రాంతపు పనే అని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా దీనికి ఉంది. అక్కడ కూర్చున్న ఆమె కొత్తగా చెక్కిన చెంచాలను తడిగుడ్డలో చుట్టి పెట్టుకుంది. పచ్చి చెక్కకు ఒక్కసారిగా వేడి తగిలితే పగులుతుందట. మేం వెళ్లేసరికి రెండు చెంచాలు పిడి దగ్గర చీలిపోయి పక్కన పడేసి ఉన్నాయి. ఇంచుమించు వంద కిలోమీటర్ల దూరం నుంచి బస్సెక్కి వచ్చారు. 11 నుంచి 4 దాకా కొనేవాళ్లే లేరని, నాలుగున్నరకు జనం కదలడం మొదలైతే ఐదింటికి సర్దేయమన్నారని చెప్పింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే తాళం వేసిన గేటు చూసి వెనక్కి పోయారు. ఆదివారం నేనే కళ్లారా చూశాను.

మన ఊరి ఎండ సంగతి మనకు తెలియంది కాదు. మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి తిరిగితే సాయంత్రానికి ప్రాణం లేచొస్తుంది. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజున ఆ చల్లగాలి ఆలస్యంగా వస్తుంది, మధ్యాహ్నమంతా కొలిమిలా ఉంటుంది. పైగా తీరానికి దగ్గర కాబట్టి ఉక్క ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే మైదానాల్లో 40 డిగ్రీలు దాటాక వడగాలి లెక్క చూసే వాతావరణ శాఖ, తీర ప్రాంతాలకు 37 డిగ్రీల నుంచే చూస్తుంది. 2015 మే నెలలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఏ మండలంలో వడగాలులుంటాయో విపత్తుల నిర్వహణ సంస్థ ముందు రోజే చెబుతోంది. మార్చి నెల సగం కాగానే ప్రభుత్వం ఒంటిపూట బడులు పెడుతోంది. చదువుకునే పిల్లలకు మధ్యాహ్నం వద్దనుకున్న ఎండ, అదే పిల్లలు గజ్జె కట్టుకుంటే ఎలా పనికొస్తుంది?

మన పెద్దవాళ్లు ఇదంతా ఎప్పుడో ఆలోచించి పెట్టారు. హరికథ రాత్రి, వీధి భాగవతం రాత్రి, బొమ్మలాట తెల్లవార్లూ. రంగనాథస్వామి బ్రహ్మోత్సవాల్లో వాహన సేవలు పొద్దున, రాత్రి. శ్రీరామనవమికి తాటాకుతో చలువ పందిళ్లు వేసేవాళ్లు. తాటాకు కింద కూర్చుంటే ఎండలోనూ హాయిగా ఉంటుంది, రేకు కిందా టార్పాలిన్ కిందా కూర్చుంటే పెనం కింద కూర్చున్నట్టే. పగలు 10 నుంచి 5 దాకా అనేది ఆఫీసు టైము. ఆ టైము కళలకు ఎవరు తెచ్చి తగిలించారో గానీ, అది ఆడేవాళ్లకూ మంచిది కాదు, చూసేవాళ్లకూ మంచిది కాదు.

నిర్వాహకుల్లో ఒకాయనను ఇదే అడిగాను. సెలవులు కాబట్టి పిల్లలు వస్తారని వేసవిలో పెట్టాం, రాత్రయితే మైకు పర్మిషన్ టెన్షన్, లైట్ల ఖర్చు అన్నారు. సెలవుల మాట నిజమే, వేసవిలో పెట్టడాన్ని నేనూ కాదనను. మైకు సంగతికొస్తే, 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల తర్వాతే లౌడ్‌స్పీకర్లకు నిషేధం. సాంస్కృతిక, మత పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా సడలించే వీలు కూడా ప్రభుత్వానికి ఉంది. మనకు అంత దాకా కూడా అక్కర్లేదు. సాయంత్రం 5 నుంచి రాత్రి 10 లోపు ముగిస్తే ఆడవాళ్లు, పిల్లలు క్షేమంగా ఇల్లు చేరతారు. చెక్క పని, రంగులద్దకం లాంటివి పిల్లలకు చేసి చూపించాలంటే పొద్దున 6 నుంచి 9 దాకా పెట్టుకోవచ్చు. లైట్ల ఖర్చంటారా, పగలంతా తిప్పిన కూలర్ల ఖర్చు ఎలాగూ మిగులుతుంది.

మనకు చేతకాక కాదు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు. స్వర్ణాల చెరువు గట్టున తాగునీళ్లు, మరుగుదొడ్లు, వైద్య శిబిరాలు, పోలీసు బందోబస్తు అన్నీ ఏర్పాటు చేస్తున్నాం. అంత పెద్ద పండుగ నడిపే ఊరు, రెండు వీధుల కళల పండుగలో ఒక చలివేంద్రం పెట్టలేదంటే నమ్మబుద్ధి కాదు. శనివారం అక్కడున్నవి రెండే నీళ్ల క్యాన్లు, మధ్యాహ్నానికి రెండూ ఖాళీ. ఆవరణ బయట నిమ్మకాయ సోడా అమ్ముకునే అబ్బాయి బుర్రకథ వాళ్లకు డబ్బులు తీసుకోకుండా మూడు సోడాలు కొట్టి ఇచ్చాడు. ఆ పని చేయాల్సింది అతను కాదు కదా.

ఇకముందు ఇలాంటివి పెట్టేవాళ్లకూ, అనుమతులిచ్చే అధికారులకూ మీ పత్రిక ద్వారా నా విన్నపం. ఏప్రిల్, మే నెలల్లో ఆరుబయట పెట్టే ఏ కళా కార్యక్రమానికైనా 11 నుంచి 4 మధ్య అనుమతి ఇవ్వకండి. కళాకారులకు నీడ, నీళ్లు, మజ్జిగ, ఓఆర్‌ఎస్, కాసేపు నడుం వాల్చడానికి ఒక ఫ్యానున్న గది ఉంటేనే అనుమతి కాగితం మీద సంతకం పెట్టండి. పొద్దున పెట్టినా సాయంత్రం పెట్టినా, ముఖ్య అతిథి రాకపోతే చెప్పిన టైముకు పిల్లల చేత ఆట మొదలుపెట్టించండి. ఆయన వచ్చినప్పుడు వచ్చి చూస్తారు.

వచ్చే వేసవిలోనూ ఈ పండుగ పెడతామని చివరి రోజు మైకులో ప్రకటించారు. చాలా సంతోషం. ఆ కరపత్రంలో తోలుబొమ్మలాట ఎదురుగా రాత్రి 7 గంటలు అని వేయించండి. ఆంజనేయుడి తోకకు నిప్పంటుకోవడం చీకట్లో చూపిస్తానని మా మనవరాలికి మాటిచ్చాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మూలాపేట, నెల్లూరు.