ఓపీ బల్ల మీద నన్ను నిద్రపుచ్చిన పెద్దమ్మకు, మా సంఘానికి కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

ఇది రాస్తుంటే చేతులింకా కొంచెం వణుకుతున్నాయి. ఇంకో నెల ఆగి, బాగా కుదురుకున్నాక రాయమని మా ఆయన అన్నారు. అంతవరకు ఆగితే ఏవేవో సర్దుకుని, నలుగురూ మెచ్చే మాటలు రాస్తానేమోనని భయమేసి ఇప్పుడే రాస్తున్నా. తప్పులుంటే క్షమించండి.

నాకు వచ్చింది డిప్రెషన్. ఆ మాట బయటికి చెప్పొద్దని, ఆడపిల్ల ఉందని, రేపు సంబంధాలకు అడ్డమొస్తుందని చెప్పినవాళ్లున్నారు. పాప ఇంకా రెండో తరగతి. దాచిపెడితే దానికి నేర్పేది దాచిపెట్టడమే కదా.

ప్రొద్దుటూరులో మా చర్చి సంఘంవాళ్లకు నేను పాటలు రాసే అమ్మాయిగా తెలుసు. వీబీఎస్‌కు (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడికి) పాటలు కట్టడం, క్రిస్మస్ నాటికకు పిల్లలకు మాటలు చెప్పించడం, చార్టుల మీద బొమ్మలు వేయడం, ఇదే నా సంతోషం. అమ్మ పోయినాక కూడా ఏదీ ఆపలేదు. భూస్థాపన రోజు నేను ఏడుస్తుంటే ఒకరు భుజం తట్టి, "నువ్వే ఇట్లా అయితే ఎట్లామ్మా, సాక్ష్యం పోతుంది" అన్నారు, అంటే చూసేవాళ్ల ముందు నా విశ్వాసానికి మచ్చ వస్తుందని. మంచి మనసుతోనే అన్నారు. కన్నీళ్లు ఆ పూట ఆగినవి ఆగినట్టే ఉండిపోయాయి. ముందు నిద్ర పోయింది, తర్వాత ఆకలి, చివరికి మాట. జడ వేయమని పాప దువ్వెన తెచ్చి చేతిలో పెడితే, స్కూలు ఆటో వచ్చి హారన్ కొట్టేదాకా దాన్ని పట్టుకుని అట్లాగే కూర్చున్న రోజులున్నాయి. నోటుబుక్కు తెరిస్తే ఒక్క పదం రాలేదు. చావు గురించిన ఆలోచనలు కూడా వచ్చాయి. అది ఇక్కడ రాయడానికి చాలాసేపు పట్టింది.

మొదట ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో కొన్నాళ్లు పెట్టారు. ఆ డబ్బుల సంగతి తర్వాత చెప్తా. అక్కడినుంచి ప్రభుత్వ ఆసుపత్రి ఓపీకి మారాం.

అక్కడే ఆ పెద్దమ్మ కనిపించింది. మైదుకూరు వైపు పల్లె. ఇంటర్ చదివే మనవడిని చూపించడానికి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చింది. పేరు రాయొద్దని చెప్పింది కాబట్టి రాయను. ఒళ్లో ఒక బొంత పెట్టుకుని కుడుతోంది. పాత చీరలు, ఒక పంచె ముక్క పొరలు పొరలుగా వేసి, లావు సూదితో, అంచు నుంచి లోపలికి వరసగా కుట్లు. మనవడు తలొంచుకుని కూర్చున్నాడు. ఆధార్ జిరాక్స్ లేదని కౌంటర్లో అంటే మా ఆయన బయటికి పోయారు. ఆయన తిరిగి వచ్చేదాకా నేను ఆమె పక్కన ఒక్కదాన్నే.

"నీకేమైంది?" అని ఆమె అడగలేదు. అప్పటికి నేను కలిసిన ప్రతి మనిషీ అడిగిన మొదటి ప్రశ్న అదే. ఆమె అడిగింది "ఏమన్నా తిన్న్యావా మ్మా?" అని. నేను పలకలేదు. సద్ది మూట విప్పి జొన్నరొట్టె సగానికి తుంచి, మీద చెనిక్కాయల పొడి వేసి, నా చేతిలో కాదు, నా నోటి దగ్గర పెట్టింది. మా అమ్మ పోయినాక అట్లా నోటికి అందించినవాళ్లు లేరు. తిన్నాను. నీళ్ల బాటిల్ ఇచ్చింది. "ఆ కండ్లు చూస్తే తెలీదా, ఎన్నాళ్లయిందో పండుకుని. ఇట్లా ఒరుగు. నెంబరు పిలిస్తే నేను లేపుతాలే" అని నా తల తన తొడ మీద పెట్టుకుని, సగం కుట్టిన బొంత భుజాల మీదికి లాగింది.

నిద్రపోయాను. మాత్రలు వేసుకున్నా పట్టని నిద్ర, ఫ్యాను కూడా తిరగని ఆ వరండాలో, అంత జనం మధ్య, పట్టింది.

నన్ను లేపింది నా నెంబరు పిలిచినప్పుడే. లోపల డాక్టరమ్మ చూసి, మందులు రాసి, నేను బయటికి వచ్చేసరికి ఓపీ మూసేస్తున్నారు. పెద్దమ్మ అక్కడే ఉంది. అప్పుడు చెప్పారు పక్కన కూర్చున్నవాళ్లు: ఆమె మనవడి నెంబరు నాకంటే చాలా ముందుది. రెండుసార్లు పిలిచారట. ఆ పిల్లోడు ఒక్కడే లోపలికి పోనన్నాడు. ఆమె లేవలేదు. నేను ఏడుస్తూ అడిగితే, "నేను లేస్తే నువ్వు మేలుకుంటావు గదా మ్మా. మావాడు ఇంకో వారం ఆగుతాడు. నీ నిద్ర ఆగేట్టు లేదు" అంది.

అమ్మ పోయినాక నేను నిజంగా ఏడ్చింది ఆ వరండాలో. గట్టిగా, అందరూ చూస్తుండగా. ఆమె ఆపమనలేదు. కొంగుతో నా ముఖం తుడిచి, మూట సర్దుకుని, మనవడి చెయ్యి పట్టుకుని బస్టాండుకు బయల్దేరింది.

ఆ రాత్రి నాకు బైబిల్లోని ఏలీయా ప్రవక్త గుర్తొచ్చాడు. మొదటి రాజులు 19వ అధ్యాయం. కర్మెలు కొండ మీద అంత గొప్ప పని జరిగినాక, యెజెబెలు రాణి బెదిరింపుకు పారిపోయి, బదరీ వృక్షం కింద కూర్చుని నా ప్రాణం తీసుకో దేవా అని అడిగిన మనిషి. ఆయన దగ్గరికి వచ్చిన దూత ప్రసంగం చేయలేదు. "నీ విశ్వాసం ఏమైంది?" అనలేదు. నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. దూత మళ్లీ వచ్చి, ప్రయాణం నీ శక్తికి మించింది, లేచి తిను అన్నాడు. మెల్లని స్వరం వినిపించింది ఆ తిండీ ఆ నిద్రా అయ్యాకే, హోరేబు కొండ దాకా నడిచి పోయినాకే. సండే స్కూల్లో ఆ కథ ఎన్నోసార్లు చెప్పాను. అందులో రొట్టె ఎంత ముఖ్యమో నాకు తెలిసింది ఒక జొన్నరొట్టె ముక్క తిన్నాకనే. ఆ పెద్దమ్మ మా విశ్వాసం మనిషి కాదు. ఆమెను నా దగ్గరికి పంపింది ఎవరో నాకు మాత్రం తెలుసు.

తర్వాతి ఓపీ రోజుల్లో ఆమె కోసం వెతుక్కునేదాన్ని. దొరికిన రోజు బొంత రెండో అంచు నా చేతిలో పెట్టేది. నా కుట్లు వంకర. విప్పమనలేదు. "పనైతే చేతికి ఇయ్యి, మనసు దాని ఎనకాల అదే వస్తుంది" అంది. విచిత్రం ఏమిటంటే, డాక్టరమ్మ తన భాషలో చెప్పిందీ ఇదే. ఇష్టం పుట్టేదాకా ఆగి పని చేద్దామనుకుంటే ఈ జబ్బులో ఆ ఇష్టం రాదు. రోజూ ఒకే వేళకు చిన్న పని, కొంచెం నడక పెట్టుకుంటే ఇష్టం తర్వాత నిదానంగా వస్తుందట. మందులు కూడా వేసిన మర్నాడే పనిచేయవు, కొన్ని వారాలు పడుతుంది. బాగుందనిపించగానే సొంతంగా ఆపేయకూడదు. ఈ మాట మన సంఘంలో మందులు వాడుతూ ఎవరికీ చెప్పుకోలేనివాళ్ల కోసం రాస్తున్నా. మీరున్నారని నాకు తెలుసు. ఈ మధ్య నాకు రాత్రిపూట మెసేజులు పెట్టింది మీరే కదా.

పాట రాస్తేనే దేవుని పని, బొంత కుడితే ఇంటి పని అనుకునేవాళ్లం మనం. నిర్గమకాండం 31లో దేవుడు మోషేతో బెసలేలు అనే పనివాడి గురించి ఏమన్నాడో చూడండి. బంగారం, వెండి, ఇత్తడి పని చేయడానికి, రాళ్లు చెక్కడానికి, కర్ర పని చేయడానికి అతన్ని దేవుని ఆత్మతో నింపానన్నాడు. 35వ అధ్యాయంలో నూలు వడికిన ఆడవాళ్లున్నారు. యొప్పే ఊళ్లో తబితా అనే శిష్యురాలు చనిపోతే విధవరాళ్లు పేతురుకు ఏడుస్తూ చూపించింది ఆమె కుట్టిన బట్టలే. ఇవన్నీ నేను ఇప్పుడు వేరే కళ్లతో చదువుతున్నా. పాట రాకపోయినా దేవుడు నా చేతులు వదల్లేదు.

పాట మళ్లీ వచ్చింది కూడా. సంతోషమైన పాట కాదు. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు" అని కీర్తనకారుడు తనను తానే అడిగినట్టు, నాలుగు చరణాలూ ప్రశ్నలే. జవాబు లేకుండా ఆపితే క్వయర్‌వాళ్లు పాడతారో లేదో అనుకున్నా. 88వ కీర్తన చీకటి దగ్గరే ఆగిపోతుంది, అయినా దాన్ని మన బైబిలు నుంచి ఎవరూ తీసేయలేదు. పోయిన ఆదివారం పాడారు. పాట అయిపోయినాక ఆమెన్ అనకుండా కాసేపు మౌనంగా ఉన్నారు. అందుకు మీ అందరికీ వందనాలు.

ఒక బాధ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నర్సింగ్ హోం బిల్లు పెడితే ఇన్సూరెన్స్ కంపెనీ మానసిక జబ్బుకు మా పాలసీ వర్తించదని తిప్పి పంపింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 21వ సెక్షన్ స్పష్టంగా చెప్తుంది: శరీర జబ్బులకు ఎట్లా ఇన్సూరెన్స్ ఇస్తారో మానసిక జబ్బులకూ అట్లాగే ఇవ్వాలని. ఆ సెక్షన్ ఫోటో తీసి పంపితే "పరిశీలిస్తాం" అని ఒక్క మెసేజ్, అంతే. మా ఆయన బండి తాకట్టులో ఉంది. ఇక ఆ ఓపీ. అంత జనానికి ఒకే డాక్టరమ్మ. నెంబరు దాటిపోతే మళ్లీ వారం. పల్లె నుంచి వచ్చే మనిషికి ఆ వారమంటే బస్సు చార్జీ, ఒక రోజు కూలి, ఇంట్లో మందులు అయిపోయిన పిల్లోడు. పెద్దమ్మ నాకిచ్చింది అదంతా. ఒక ముసలామె తన వంతు వదులుకుంటే తప్ప ఒక రోగికి నిద్ర దొరకని ఏర్పాటును ఏమనాలి?

మనవాళ్లకూ ఒక మాట. 1822లో లండన్ మిషన్‌వాళ్లు కడపలో పని మొదలుపెట్టారని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ మిషన్ మనకు గుడులతో పాటు జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రినీ ఇచ్చింది. మా జేజికి కాన్పులు అక్కడే. చలి జ్వరం వస్తే ప్రార్థన తక్కువైందని ఆమెతో ఎవరూ అనలేదు, మందిచ్చారు, ప్రార్థనా చేశారు. మనసుకు జబ్బు చేస్తే మాత్రం విశ్వాసాన్ని తూకం వేయడం ఎందుకు? దయచేసి వద్దు. అన్నం వండి పంపండి. పాపను ఒక పూట తీసుకుపోండి. చాలు.

మా ఆయనకు, అత్తమ్మకు, తమ్ముడికి వేరేగా చెప్పేదేముంది. వాళ్లు లేకపోతే నేను లేను, అది వాళ్లకూ తెలుసు.

డాక్టరమ్మకు, మా అయ్యగారికి (పాస్టరుగారికి) వందనాలు. అయ్యగారు ఇంటికి వచ్చి బైబిలు తెరవకముందు అరగంట ఊరికే పక్కన కూర్చున్నారు. అమ్మగారు పంపిన చారు క్యారియర్లు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి, ఆదివారం తెస్తా.

మరిచిపోయాను, మందుల కౌంటర్ తమ్ముడు. ఆ రోజు ఓపీ దాటిపోయినా పాత చీటీ చూసి పెద్దమ్మ మనవడికి వారానికి సరిపడా మాత్రలు ఇచ్చాడని తర్వాత తెలిసింది. నీకు చాలా రుణపడి ఉన్నాను నాయనా.

ఒక రాత్రి 14416కి ఫోన్ చేశాను, టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ రాత్రి మాట్లాడిన అక్క పేరు అడగలేదు. అక్కా, ఇది చదివితే, నేను బాగానే ఉన్నాను. ప్రాణం మీదికి వచ్చే ఆలోచనలున్నవాళ్లు ఈ నెంబరు ఫోన్లో వేసి పెట్టుకోండి.

స్కూలు ఆటో అన్న కూడా. నేను కిందికి రాలేని రోజుల్లో మెట్లెక్కి వచ్చి పాపను తీసుకుపోయాడు, ఈ నెల బాకీ అడగలేదు. సండే స్కూలు నడిపిస్తున్న ఇద్దరు చెల్లెళ్లు. కీబోర్డు వాయించే తమ్ముడు. ఇంకా ఎవరినన్నా వదిలేసి ఉంటే కింద రాయండి, చేర్చుతాను.